చిన్న ఒర్రెల మీది రాతి కట్టలకు అనుమతి మినహాయింపు కోరుతూ నీటిపారుదల శాఖకు బహిరంగ లేఖ

హైదరాబాద్

తెలంగాణ ప్రభుత్వ నీటిపారుదల శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,
ఇంజనీర్-ఇన్-చీఫ్ గారికి,

విషయం: మూసీ, దాని ఉపనది ఈసీల ఎగువ పరీవాహకంలో వరద వేగాన్నీ మట్టి కోతనూ తగ్గించే చిన్న కట్టడాలకు కొలతల ఆధారంగా మినహాయింపు

నమస్కారం.

గుట్టల మీది నుంచి దిగే చిన్న ఒర్రెల్లో కట్టే మీటరు ఎత్తు రాతి కట్టలకు, గాబియన్లకు (రాళ్ళు నింపిన తీగవల పెట్టెలకు) ముందస్తు అనుమతి అక్కర్లేదని, రెండు మీటర్ల దాకా ఉన్నవాటికి ధ్రువీకరణ చాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఎంత ఎత్తు, ఎంత నిల్వ, ఎంత పరీవాహకం వరకు అన్నది అందులో అంకెల్లో రాయండి. ఆ అంకెలు దాటిన దేనికీ మినహాయింపు ఇవ్వకండి. మా దృష్టిలో ఈ చివరి మాట మొదటి మాటకన్నా బరువైనది. అడ్డూ అదుపూ లేని మినహాయింపు మేం కోరడం లేదు. అలాంటిది ఇస్తే మొట్టమొదట వ్యతిరేకించేది మేమే.

ముందు ఈ కట్టడం ఎంతటిదో చూడండి. అయిదు మీటర్ల వెడల్పున్న ఒర్రెలో నడుమ మీటరు ఎత్తు రాతి కట్ట వేస్తామనుకుందాం. పైన అర మీటరు వెడల్పు, నీళ్ళు వచ్చే వైపు ఒకటికి ఒకటి వాలు, నీళ్ళు దిగే వైపు ఒకటికి రెండు వాలు. అంటే అడ్డుకోత 2 చదరపు మీటర్లు. అడుగున పావు మీటరు పునాది, రెండు ఒడ్లలోకి అర మీటరు చొప్పున చొప్పించే రాయి కలుపుకుంటే మొత్తం సుమారు 17 ఘనపు మీటర్లు. సుమారు ఆరు ట్రాక్టర్ల రాయి. ఎనిమిది పది మంది కూలీలకు రెండు మూడు రోజుల పని. సిమెంటు లేదు, ఇనుము లేదు, గేటు లేదు. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతూనే ఉంటాయి, మట్టి మాత్రం వెనక ఆగుతుంది.

ఈ పనికీ, వాగుకు అడ్డంగా ముప్పై మీటర్ల కాంక్రీటు చెక్‌డ్యామ్ కట్టే పనికీ నడిచే కాగితం ఇవాళ దాదాపు ఒకటే. ఒర్రె ప్రభుత్వ భూమి కాబట్టి రెవెన్యూ, నీటి దారి కాబట్టి మీ శాఖ, గుట్ట అంచు అడవికి తగిలితే అటవీ శాఖ, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో చెరువుకు దగ్గరైతే లేక్ ప్రొటెక్షన్ కమిటీ. ఆరు ట్రాక్టర్ల రాయికి వీటిలో ఎవరి సంతకం చాలునో క్షేత్రస్థాయిలో స్పష్టత లేదు. ఫలితం రెండు రకాలుగా కనిపిస్తుంది. నియమం పాటించేవాళ్ళు వానాకాలం వచ్చేదాకా ఆగి పని వదులుకుంటారు. పాటించనివాళ్ళు జేసీబీతో ఒక్క పూటలో మట్టి కట్ట పోసేస్తారు. మంచి పని ఆగి, ప్రమాదకరమైన పని జరిగిపోతోంది.

చిన్నదాన్ని పెద్దదాని నుంచి విడదీయడం మన చట్టాలకు కొత్త కాదు. 2021 డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలకే నేరుగా వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే 500 మీటర్ల పొడవో, పది లక్షల ఘనపు మీటర్ల నిల్వో, సెకనుకు 2,000 ఘనపు మీటర్ల వరదో, లేదంటే పునాదిలో, డిజైన్‌లో ప్రత్యేకమైన చిక్కో ఉంటేనే లెక్కలోకి తీసుకుంటుంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం 2023 సవరణ తర్వాత, అడవి సంరక్షణ కోసం చేసే పనుల్లో చెక్‌డ్యామ్‌ను, కందకాన్ని పేరు పెట్టి చేర్చి వాటిని అటవీయేతర అవసరంగా చూడనక్కర్లేదంది. ఇక మన రాష్ట్రంలోనే, 2020 టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల స్థలంలో కట్టే చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు అంది. మనుషులు నివసించే ఇంటికే ఆ నమ్మకం చూపిన ప్రభుత్వం, మనుషులెవరూ ఉండని ఒర్రెలో మీటరు రాతి కట్టకు ఆ నమ్మకం చూపడానికి వెనకాడనక్కర్లేదు.

2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 సంగతి విడిగా చెప్పాలి. పది మీటర్లు దాటిన నాలాకు, వాగుకు 9 మీటర్లు, అంతకన్నా సన్నదానికి 2 మీటర్లు ఖాళీగా (బఫర్‌గా) వదలాలన్నది అందులోని నియమం. నీటి దారిని ఇళ్ళ నుంచి, ప్రహరీల నుంచి కాపాడటానికి పుట్టిన నియమం అది, ఒక్క అంగుళం కూడా సడలించొద్దు. అయితే నీటి దారిని కాపాడే రాతి కట్ట ఆ దారిలోనే తప్ప ఇంకెక్కడా ఉండలేదు. కాబట్టి కొత్త ఉత్తర్వులో ‘ఈ కొలతల్లోపు కోత నివారణ కట్టడం బఫర్‌లో నిర్మాణంగా పరిగణించబడదు’ అని ఒక్క వాక్యం స్పష్టంగా రాయాలి. అది లేకపోతే కింది స్థాయి అధికారి ఎవరూ ధైర్యంగా సంతకం పెట్టలేరు, ఆ జంకును తప్పు పట్టడానికీ లేదు.

ఇక కొలతలు. ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం. నూటికి రెండు వాలు, అయిదు మీటర్ల వెడల్పు ఉన్న ఒర్రెలో మీటరు ఎత్తు కట్ట వెనక నీళ్ళు యాభై మీటర్ల దాకా నిలుస్తాయి. నిల్వ 125 ఘనపు మీటర్లు, అంటే లక్షా పాతిక వేల లీటర్లు. అదే నూటికి ఒకటి వాలున్న, ఇరవై మీటర్ల వెడల్పు వాగులో మూడు మీటర్ల కట్ట వేస్తే నీళ్ళు మూడు వందల మీటర్లు పాకుతాయి, నిల్వ 9,000 ఘనపు మీటర్లు. ఎత్తు మూడింతలైతే నిల్వ డెబ్బై రెండింతలైంది. అందుకే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం రెండు కొలతలూ కలిపి పట్టుకుంటుంది: ఆరడుగుల్లోపు ఎత్తుంటే ఎంత నిల్వైనా, 15 ఎకరా-అడుగుల్లోపు (సుమారు 18,500 ఘనపు మీటర్లు) నిల్వుంటే ఎంత ఎత్తైనా ఆ రాష్ట్ర ఆనకట్టల భద్రతా విభాగం పరిధిలోకి రాదు. మనకు ఆ అంకెలు సరిపోవు, మన ఒర్రెల కింద ఊళ్ళు మరీ దగ్గర. కొలిచే తీరు మాత్రం తీసుకోదగ్గది.

మా సూచన ఇది. వాగు అడుగు నుంచి మత్తడి (కట్ట మీద నీళ్ళు పొర్లే చోటు) నడిమి దాకా మీటరు ఎత్తు, 250 ఘనపు మీటర్ల నిల్వ, 10 హెక్టార్ల పరీవాహకం, ఈ మూడింటిలో ఏదీ దాటని రాతి కట్టకు, గాబియన్‌కు అనుమతి వద్దు. గ్రామ పంచాయతీకి, మీ సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) పనికి పదిహేను రోజుల ముందు సమాచారం ఇస్తే చాలు. రెండు మీటర్ల ఎత్తు, 1,000 ఘనపు మీటర్లు, 40 హెక్టార్ల దాకా ఉన్న గాబియన్‌కు, రాతి కట్టుబడికి శాఖ ముందే ప్రచురించిన నమూనా డ్రాయింగ్ ప్రకారం కడతామన్న ధ్రువీకరణ తీసుకోండి. 21 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఆ పైన అంతా ఇప్పటి పద్ధతే.

ఎత్తును ఎక్కడి నుంచి కొలవాలో ఉత్తర్వులోనే రాయండి. డ్యామ్ భద్రతా చట్టం పునాది అడుగు నుంచి కొలుస్తుంది. పెద్ద ఆనకట్టకు అది సబబు. మన దగ్గర ఇసుక ఒర్రెలో అడుగు ఊటను ఆపే కటాఫ్ గోడ మీటరున్నర లోతుకు దిగాల్సి రావచ్చు. పునాది నుంచి కొలుస్తామంటే ఆ లోతును తగ్గించి ఎత్తు సరిపెట్టే ఆశ పుడుతుంది. లోతైన పునాది వేసినవాడికి శిక్ష, తేలిక పునాది వేసినవాడికి మినహాయింపు అన్నట్టవుతుంది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది జంట జలాశయాలది. ఎగువన ఇన్ని కట్టలు వేస్తే ఉస్మాన్‌సాగర్‌కు, హిమాయత్‌సాగర్‌కు నీళ్ళెలా వస్తాయి, కింది చెరువుల ఆయకట్టు ఏమైపోవాలి అన్న ప్రశ్న న్యాయమైనది. లెక్క వేద్దాం. ఉస్మాన్‌సాగర్ నిల్వ 3.9 టీఎంసీలు, అంటే సుమారు 11 కోట్ల ఘనపు మీటర్లు. 125 ఘనపు మీటర్ల కట్టలు వెయ్యి వేస్తే అన్నీ కలిపి ఒకసారి నిండితే ఆగేది లక్షా పాతిక వేల ఘనపు మీటర్లు. జలాశయంలో వెయ్యింట ఒక వంతు, అంతే. వానాకాలంలో పదిసార్లు నిండినా నూటికి ఒకటి చిల్లర, అందులోనూ రాళ్ళ సందుల్లోంచి కారేదే ఎక్కువ. అదే 9,000 ఘనపు మీటర్ల చెక్‌డ్యాములు వెయ్యి కడితే ఒక్కసారికే 90 లక్షల ఘనపు మీటర్లు, జలాశయంలో నూటికి ఎనిమిది వంతులు. చెరువుల కడుపు కొట్టేది ఈ రెండో రకం. గీత ఎక్కడ గీయాలో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. ఇక మొదటి రకం ఆపే మట్టి, లేకపోతే ఆ జలాశయాల్లోకే చేరి నిల్వను తినేది.

వరద గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక చిన్న కట్ట వరదను ఆపదు. నలభై హెక్టార్ల మీద గంటలో వంద మిల్లీమీటర్ల వాన పడి, అందులో నూటికి 35 వంతులు పారితే 14,000 ఘనపు మీటర్ల నీళ్ళు దిగుతాయి. 125 ఘనపు మీటర్ల కట్ట అందులో నూటికి ఒక వంతు కూడా పట్టదు. అలాంటివి నలభై, గుట్ట తల నుంచి పల్లం దాకా వరసగా ఉంటే 5,000 ఘనపు మీటర్లు, మూడో వంతుకు పైగా. అదీ అన్నీ ఖాళీగా ఉంటేనే. ఈ ‘ఖాళీగా’ అన్న మాట దగ్గరే వరద నివారణ కట్టా, నిల్వ చెక్‌డ్యామూ వేరైపోతాయి.

హైదరాబాద్‌ను ముంచిన పెద్ద వరదల తేదీలు చూడండి. మూసీ వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది. ఇంకోటి 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో. రెండూ వానాకాలం చివర్లో, కుంటలూ చెరువులూ అప్పటికే నిండి, నేల తడిసి ముద్దయి ఉండే కాలం. జూలైలోనే నిండి కూర్చున్న చెక్‌డ్యామ్ అక్టోబరు వరదకు ఏ సాయమూ చేయదు, పైనుంచి వచ్చింది వచ్చినట్టే కిందికి పంపుతుంది. కాబట్టి వరద పేరుతో మినహాయింపు పొందే ప్రతి కట్టా వాన వెలిసిన 72 గంటల్లో తనంతట తాను ఖాళీ కావాలి. కొలరాడో రాష్ట్రం 2015లో వాననీటి నిల్వ తొట్లకు దాదాపు ఇదే షరతు పెట్టింది: అయిదేళ్ళకోసారి వచ్చే స్థాయి వాన నీళ్ళలో నూటికి 97 వంతులు 72 గంటల్లో వదిలేయాలి. అక్కడ ఆ షరతు దిగువవాళ్ళ నీటి హక్కు కోసం. ఇక్కడ దానికి తోడు ఇంకో లాభం కూడా ఉంది. దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, మూడు రోజుల్లో ఎండే మడుగులో డెంగీ దోమ పెరగదు.

రాతి కట్ట దానంతటదే ఖాళీ అవుతుంది. సిమెంటు కట్టుబడికి మాత్రం అడుగున గొట్టం పెట్టాల్సిందే. రెండు మీటర్ల ఎత్తు, 1,000 ఘనపు మీటర్ల కట్టకు 100 మిల్లీమీటర్ల గొట్టం పెడితే లెక్క ప్రకారం సగం రోజులో ఖాళీ కావాలి. కానీ మోదుగాకులు, పాలిథిన్ కవర్లు మూడో వానకే దాని నోరు మూసేస్తాయి. అందుకని 150 మిల్లీమీటర్లది పెట్టి, నీళ్ళ వైపు చిల్లుల నిలువు గొట్టం బిగించి, చుట్టూ 40 మిల్లీమీటర్ల కంకర పోయాలి. గొట్టం నోరు వాగు అడుగు నుంచి 30 సెంటీమీటర్ల పైన ఉంటే పూడికలో కూరుకుపోదు. దానికి వాల్వు పెట్టకూడదు. వాల్వు ఉంటే ఎవరో ఒకరు తిప్పి మూస్తారు, ఆ క్షణం నుంచి అది వరద కట్ట కాదు, అనుమతి లేని నిల్వ చెక్‌డ్యామ్. బోర్లకు ఊట కోసం నిల్వ కావాలనుకునే రైతు కోరిక సబబే, దానికి ఇప్పటి అనుమతి దారి ఉంది. ఒకే కట్టతో రెండు పనులూ చేయిద్దామనుకోవడమే పొరపాటు.

తర్వాత చూడాల్సింది మత్తడి. నలభై హెక్టార్ల పరీవాహకానికి గంటకు 60 మిల్లీమీటర్ల వానను లెక్కలోకి తీసుకుని, పారే వంతు 0.35 అనుకుంటే వరద సెకనుకు 2.33 ఘనపు మీటర్లు, సుమారు 82 క్యూసెక్కులు. అర మీటరు మందాన పొర్లాలంటే నాలుగు మీటర్ల మత్తడి సరిపోతుంది. వాన గంటకు 100 మిల్లీమీటర్లయితే 137 క్యూసెక్కులు, ఆరున్నర మీటర్లు. అదే వానకు ఎగువన చెల్క పోయి ప్లాట్లు, సిమెంటు రోడ్లు వచ్చి పారే వంతు 0.7 అయితే 275 క్యూసెక్కులు, 13 మీటర్లు. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ళ, షాబాద్, శంషాబాద్ వైపు ఏం జరుగుతోందో మీకు తెలుసు. నిన్నటి చెల్కకు లెక్కగట్టిన నాలుగు మీటర్ల మత్తడి రేపటి లేఔట్ కింద మూడో వంతు నీళ్ళు కూడా దాటించలేదు. కాబట్టి నమూనా డ్రాయింగుల్లో గంటకు 100 మిల్లీమీటర్లకు తక్కువ లెక్క వద్దు. ఎగువ పరీవాహకంలో లేఔట్ ఉంటే, లేదా లేఔట్‌కు అనుమతి వచ్చి ఉంటే పారే వంతు 0.7 తప్పనిసరి చేయండి. మత్తడి పైన రెండు పక్కలా కనీసం అర మీటరు ఒడ్డు మిగలాలి.

కట్టలు ఎందుకు పోతాయో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మినహాయింపుతో పాటు ఇచ్చే షరతులన్నీ ఇక్కడి నుంచే రావాలి. రాతి కట్ట నడుమ కుంగి రెండు ఒడ్ల వైపు లేచి ఉండాలి. కూలీలు చూపుకు బాగుంటుందని పైభాగం సమంగా పేరుస్తారు. సమంగా ఉంటే నీళ్ళు ఒడ్డు పక్కనే దారి వెతుక్కుంటాయి, ఒడ్డు మెత్తని మొరం కాబట్టి రెండు వానల్లో కట్టను పక్కన పెట్టి కొత్త ఒర్రె పుడుతుంది. కట్ట మాత్రం చెక్కుచెదరకుండా ఫొటోకు నిలబడి ఉంటుంది. కట్ట నడిమి భాగం ఒడ్ల దగ్గరి చివరల కన్నా కనీసం 30 సెంటీమీటర్లు కిందికి ఉంటే ఈ తిప్పలు ఉండవు.

రెండోది కట్ట కాళ్ళ దగ్గర గుంత. మీటరు ఎత్తు నుంచి దూకే నీళ్ళు కిందనున్న ఇసుకను తవ్వి, పునాది కింద బోలు చేస్తాయి. కట్ట ముందుకు వాలి కూలుతుంది. ఎత్తుకు రెండింతల పొడవున రాళ్ళు పరిచి, వాగు అడుగుతో సమంగా దించి, చివర పెద్ద రాళ్ళతో అడ్డు కడితే గుంత పడదు. ఎస్టిమేట్‌లో డబ్బు తగ్గించాల్సి వచ్చినప్పుడల్లా ముందుగా ఎగిరిపోయేది ఈ రాతి పరుపే (ఏప్రాన్), కట్ట పోవడానికి మొదటి కారణమూ ఇదే.

మూడోది రాయి ఎక్కడిది అన్నది. దగ్గర్లో దొరుకుతుందని ఒర్రె అడుగునున్న గుండ్లనే ఏరి కట్ట పేరుస్తారు. ఆ గుండ్లే అప్పటిదాకా వాగు అడుగును కోసుకుపోకుండా కాపాడుతున్నవి. వాటిని తీస్తే కట్ట పైనా కిందా అడుగు దిగిపోతుంది, ఆపాలనుకున్న కోతను మనమే మొదలుపెట్టినట్టవుతుంది. పొలం గట్ల మీది ఏరివేత రాయి, క్వారీలో మిగిలిన వ్యర్థ రాయి వాడాలి. గుండ్రనివి కాకుండా కోణాలున్నవి, పైవరసలో మనిషి ఒంటిచేత్తో లేపలేనివి ఉండాలి.

గాబియన్ల సంగతి వేరు. వల కన్ను 10, 12 సెంటీమీటర్లుంటే 15 సెంటీమీటర్లకు తక్కువ రాయి వేయకూడదు. చిన్న రాయి వేస్తే మొదటి వరదకే కంతల్లోంచి జారిపోయి పెట్టె నడుం విరుగుతుంది. రెండు మీటర్ల పెట్టెకు నడుమ అడ్డువల, మూడో వంతు నిండినప్పుడొకసారి, మూడింట రెండు వంతులు నిండినప్పుడొకసారి ముందూ వెనకా కలిపే బిగింపు తీగలు లేకపోతే పొట్ట ఉబ్బుతుంది. నీళ్ళ వైపు కంకర, ఇసుక వడపోత పొరో, జియోటెక్స్‌టైలో (నీళ్ళు వదిలి మట్టిని ఆపే గుడ్డ) లేకపోతే వెనక ఆగిన మట్టి రాళ్ళ సందుల్లోంచి కారిపోయి గాబియన్ ఖాళీ పంజరంలా నిలుస్తుంది.

నేలను బట్టి కట్టడం మారాలి. హైదరాబాద్ చుట్టూ గ్రానైటు నేలల్లో, ఎర్ర చెల్కల్లో, అడుగున బండ తొందరగా తగులుతుంది. అక్కడ రాతి కట్టుబడి బాగా నిలుస్తుంది, కానీ బండ మీద నేరుగా గోడ లేపితే అతుకు దగ్గర నీళ్ళు జొరబడి గోడ జారుతుంది. బండకు రంధ్రాలు తొలిచి ఇనుప కడ్డీలు దిగేసి, బండను గీరి శుభ్రం చేశాకే కాంక్రీటు పోయాలి. వికారాబాద్ వైపు, మూసీ పుట్టే అనంతగిరి చుట్టుపక్కల, ఎత్తున లాటరైటూ దిగువన నల్లరేగడీ ఉంటాయి. రేగడి ఎండాకాలంలో పగుళ్ళిచ్చి వానలకు ఉబ్బుతుంది, దాని మీది సిమెంటు గోడ ఒకటి రెండేళ్ళలో నిలువునా చీలుతుంది. అక్కడ వంగి సర్దుకునే రాతి కట్టా గాబియనే సరైనవి. రాష్ట్రమంతటికీ ఒకే డ్రాయింగ్ అచ్చువేస్తే సగం చోట్ల తప్పవుతుంది. కనీసం మూడు నేలలకు మూడు డ్రాయింగులు కావాలి.

కట్టల మధ్య దూరం కూడా షరతే. పై కట్ట పాదమూ కింది కట్ట మత్తడీ ఒకే మట్టంలో ఉండాలి. నూటికి అయిదు వాలుంటే మీటరు కట్టలు ఇరవై మీటర్లకొకటి, నూటికి రెండైతే యాభై మీటర్లకొకటి. పని పైనుంచి కిందికి రావాలి. కింది కట్ట ముందు వేసి పైవి వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే, మొత్తం గుట్ట మట్టి ఆ ఒక్క కట్ట మీదే పడుతుంది.

మినహాయింపు ఎప్పటికీ ఇవ్వకూడనివి కొన్ని ఉన్నాయి. వాగుకు అడ్డంగా పోసే మట్టి కట్ట మొదటిది, ఎంత చిన్నదైనా సరే. రాతి కట్ట మీద నీళ్ళు పొర్లితే నిలుస్తుంది, మట్టి కట్ట మీద పొర్లితే గంటలోపే గండి పడుతుంది. ఎలుక బొరియో, కుళ్ళిన చెట్టు వేరో చాలు బుంగ పడటానికి. ఒకటి తెగితే ఆ నీళ్ళు కిందిదాన్ని తెంపుతాయి, అది ఇంకోదాన్ని. 1908లో మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని ఆనాటి వరద మీద లెక్క తేల్చినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. గొలుసుకట్టు చెరువుల బలం ఎంతో, ఒకటి తెగినప్పుడు వాటి ప్రమాదమూ అంతే. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గగన్‌పహాడ్ అప్పా చెరువు, బాలాపూర్ గుర్రం చెరువు తెగినప్పుడు పాతబస్తీ కాలనీలు, జాతీయ రహదారి ఏమయ్యాయో నగరం చూసింది. అవి పెద్దవే, అయినా పైన తెగే ప్రతి చిన్న మట్టి కట్టా అలాంటి చెరువు మీదికే నీళ్ళు తోస్తుంది.

గేట్లు, పలకలు బిగించే కట్టడాలకు, చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) లోపల, శిఖం భూమిలో కట్టే వాటికి, కల్వర్టుకు వంద మీటర్ల ఎగువలోపు వాటికి, కింద అర కిలోమీటరులోపు ఇళ్ళున్న వాటికి కూడా మినహాయింపు వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి నాలాల మీద అసలే వద్దు. నగరం నాలాలో అడ్డంగా ఏది పెట్టినా ముందు చెత్త ఆగుతుంది, తర్వాత నీళ్ళు వెనక్కి తన్ని పక్క బస్తీలోకి పోతాయి. అక్కడ చేయాల్సిన పని పూడిక తీయడం, ఆక్రమణలు తొలగించడం. ఆ పని ప్రభుత్వ ఆస్తుల రక్షణ సంస్థ హైడ్రాది, నగరపాలక సంస్థలది.

సమాచార పత్రం ఒక్క పేజీ ఉంటే చాలు. సర్వే నంబరు, ఒర్రె మధ్యలో నిలబడి తీసిన జీపీఎస్ గుర్తు, కట్టకు ముందు ఒర్రె అడ్డుకోత మూడు చోట్ల కొలతలు, ఎత్తు, వెడల్పు, వాలు, వాటి నుంచి వచ్చే నిల్వ, పరీవాహకం హెక్టార్లు, రాయి ఎక్కడి నుంచి తెస్తున్నారో, ఎవరు బాగోగులు చూస్తారో. పని పూర్తయ్యాక టేపు ఆనించి తీసిన నాలుగు ఫొటోలు. వీటిని మండలానికొక పటం మీద అందరూ చూసేలా పెట్టండి. పైవాడు ఏం కడుతున్నాడో కింది చెరువు ఆయకట్టు రైతుకు ముందే కనిపిస్తే సగం తగాదాలు పుట్టవు. అభ్యంతరం చెప్పే హక్కు ఆయనకు ఉండాలి, ఏఈ వారంలోగా వచ్చి టేపుతో కొలిచి తేల్చాలి. కొలత దాటితే నోటీసు ఇచ్చి పదిహేను రోజుల్లో దించేయించాలి, జరిమానా కట్టి ఉంచుకునే వీలు ఉండకూడదు. ఆ వీలు ఒకసారి ఇస్తే కొలతలకు విలువ పోతుంది.

ఇంకో విన్నపం తనిఖీ చేసేవారికి. రాతి కట్ట వెనక పూడిక నిండితే అది పాడైనట్టు రాయకండి. కోత నివారణ కట్టకు అదే పూర్తయిన గుర్తు. నిండిన పూడికను జేసీబీతో తోడితే ఒర్రె మళ్ళీ కోతకు తెరుచుకుంటుంది. ఆ పూడిక మీద వట్టివేరు, వాయిలి, రెల్లు నాటించాలి. దాని పైన ఇంకో కట్ట అవసరమేమో చూడాలి. తనిఖీ ఏడాదికి రెండుసార్లు చాలు: మే నెలలో ఒకసారి, మొదటి పెద్ద వాన తర్వాత వారంలోపు ఇంకోసారి. జారిన పది రాళ్ళను ఆ వారంలో తిరిగి పెడితే కట్ట ఏళ్ళతరబడి ఉంటుంది, వదిలేస్తే ఆ సందే గండి అవుతుంది.

ఈ ఉత్తర్వు వచ్చే నెలను బట్టే ఉపయోగం. నైరుతి రుతుపవనాలు జూన్ రెండో వారానికి ఇక్కడికి వచ్చేస్తాయి. ఒర్రెలు ఎండి, పొలాల్లో పని లేక కూలీలు దొరికేది ఫిబ్రవరి నుంచి మే దాకా. జనవరి లోపు ఉత్తర్వూ, మూడు నమూనా డ్రాయింగులూ తెలుగులో, గ్రామ పంచాయతీ గోడ మీద అతికించగలిగే సైజులో ఇవ్వండి. ముందుగా వికారాబాద్, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాల్లోని మూసీ, ఈసీ ఎగువ మండలాలకే రెండేళ్ళ గడువుతో పరిమితం చేయండి. రెండు వానాకాలాల తర్వాత ఎన్ని కట్టలు నిలిచాయి, ఎన్ని పోయాయి, పోయినవి ఏ కారణంతో పోయాయి అన్నది ప్రచురించి, కొలతలను అప్పుడు తిరగరాయండి. డ్రాయింగుల తయారీకి, ఏఈలకూ పంచాయతీ కార్యదర్శులకూ ఒర్రెలోనే నిలబెట్టి ఇచ్చే రెండు రోజుల శిక్షణకూ మా సమయం ఉచితంగా ఇస్తాం. ఏ మండలం నుంచి మొదలుపెట్టమన్నా సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
మూసీ, ఈసీ ఎగువ పరీవాహకంలో వాటర్‌షెడ్ పనులు చేస్తున్న ఇంజనీర్లు, సాంకేతిక సహాయకులు, ఆయకట్టు రైతులు

ప్రతులు: పంచాయతీరాజ్ శాఖ, అటవీ శాఖ, హెచ్‌ఎండీఏ లేక్ ప్రొటెక్షన్ కమిటీ, హైడ్రా, వికారాబాద్, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాల కలెక్టర్లు